కోపెన్‌హాగన్

కోపెన్‌హాగన్ డెన్మార్క్ దేశ రాజధాని మరియు ఆ దేశములో అతి పెద్ద నగరము. ఇది జీలండ్ ద్వీపపు తూర్పు తీరమున, దానిని ఆనుకొని ఉన్న అమాగర్ ద్వీపములో కొంత భాగమున విస్తరించి ఉన్నది. నగరపాలక సంస్థ పరిధిలో సుమారు ఆరున్నర లక్షల మంది, శివార్లతో కలిపి 13 లక్షలకు పైగా జనాభా నివసించుచున్నారు. కుర్చీలు, దీపాలు, పింగాణీ వంటి గృహోపకరణముల రూపకల్పనకు, సైకిలు బాటలకు, రై రొట్టెతో చేయు భోజనమునకు, ఈత కొట్టగలిగినంత శుభ్రమైన ఓడరేవునకు ఈ నగరము ప్రసిద్ధి గాంచినది. అయితే ఈ ప్రత్యేకతలలో అనేకము సంపద వలన గాక ఆపదల వలన ఏర్పడినవి. అగ్నిప్రమాదములు, ఫిరంగి దాడి, దివాలా, కలరా, చమురు కొరత, వరద మొదలగు వాటి తరువాత నగరవాసులు చేసికొన్న మార్పులే నేటి కోపెన్‌హాగన్ స్వరూపమునకు చాలావరకు కారణము.

పేరు

డేనిష్ భాషలో ఈ నగరమును "కొబెన్‌హౌన్" అని పిలుతురు. దీని ప్రాచీన రూపమునకు "వర్తకుల రేవు" అని అర్థము. తెలుగులో వాడుకలో ఉన్న "కోపెన్‌హాగన్" అను రూపము ఇంగ్లీషు ద్వారా వచ్చినది.

భౌగోళిక స్థితి

నగరమునకు తూర్పున ఓరెసుండ్ జలసంధి, దానికి ఆవల స్వీడన్ దేశపు మాల్మో నగరము ఉన్నవి. ఈ రెండు నగరములను కలుపు ఓరెసుండ్ మార్గము 2000 జూలైలో ప్రారంభమైనది. సుమారు 16 కిలోమీటర్ల ఈ మార్గములో కొంత సొరంగము, కొంత కృత్రిమ ద్వీపము, కొంత వంతెన ఉన్నవి. దీనిపై కార్లు, రైళ్ళు రెండూ నడచును. భూమి దాదాపు చదునుగా ఉండుట సైకిలు ప్రయాణమునకు అనుకూలించినది. శీతాకాలములో పగటి సమయము ఏడు గంటలకు మించి పెద్దగా ఉండదు. ఇంటిలోని దీపమునకు, కుర్చీకి ఇక్కడివారు ఇచ్చు ప్రాధాన్యమునకు ఈ దీర్ఘమైన చీకటి ఒక ముఖ్య కారణము.

చరిత్ర

11వ శతాబ్దము నాటికే ఇక్కడ జనావాసము ఉన్నట్లు త్రవ్వకముల వలన తెలియుచున్నది. 1167 ప్రాంతమున బిషప్ అబ్సలోన్ రేవులోని ఒక చిన్న ద్వీపముపై కోట కట్టించెను. స్లాట్స్‌హోల్మెన్ అను ఈ ద్వీపముననే నేడు పార్లమెంటు కొలువు తీరు క్రిస్టియన్స్‌బోర్గ్ భవనము ఉన్నది. 15వ శతాబ్దములో కోపెన్‌హాగన్ రాజధాని అయినది. 1479లో విశ్వవిద్యాలయము స్థాపించబడినది.

1588 నుండి 1648 వరకు రాజుగా ఉన్న నాల్గవ క్రిస్టియన్ ఈ నగరమునకు అనేక కట్టడములను ఇచ్చెను. రోసెన్‌బోర్గ్ కోట, బోర్సెన్ అను వాణిజ్య భవనము, నావికుల కుటుంబములకై కట్టిన నూబోడర్ ఇండ్ల వరుసలు, కాలువలతో కూడిన క్రిస్టియన్స్‌హౌన్ పేట, "గుండ్రని బురుజు" అను ఖగోళ పరిశీలనా కేంద్రము వీటిలో ముఖ్యమైనవి. ఈ బురుజులో పైకి పోవుటకు చాలావరకు మెట్లు లేవు. 200 మీటర్లకు పైగా పొడవు గల మెలికల వాలు బాట ఉన్నది.

1728లో జరిగిన అగ్నిప్రమాదములో నగరములో నాలుగవ వంతుకు పైగా కాలిపోయినది. విశ్వవిద్యాలయ గ్రంథాలయము కూడా దగ్ధమైనది. 1794లో రాజభవనము కాలిపోగా, 1795లో మరొక అగ్నిప్రమాదమున 900కు పైగా ఇండ్లు నశించినవి. 1807 సెప్టెంబరులో బ్రిటిషు నౌకాదళము నగరముపై మూడు రాత్రులు ఫిరంగులతోను, రాకెట్లతోను దాడి చేసినది. తటస్థముగా ఉన్న డెన్మార్క్ నౌకాబలము నెపోలియన్ చేతికి పోవునేమో అను భయమే ఈ దాడికి కారణము. నగరపు ప్రధాన చర్చి కాలిపోయినది. డేనిష్ యుద్ధనౌకలను బ్రిటిషువారు తీసికొనిపోయిరి. 1813లో ప్రభుత్వము దివాలా తీసినది. 1814లో నార్వే డెన్మార్క్ చేజారినది.

ఈ కష్టకాలము తరువాతి దశాబ్దములనే డేనిష్ చరిత్రకారులు "స్వర్ణయుగము" అని పిలుతురు. కథకుడు హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్, తత్వవేత్త సోరెన్ కీర్కెగార్డ్, శిల్పి బెర్టెల్ థోర్వాల్డ్‌సెన్, 1820లో విద్యుదయస్కాంత ప్రభావమును కనుగొన్న హాన్స్ క్రిస్టియన్ ఓర్‌స్టెడ్ ఈ కాలమునకు చెందినవారు. 1849లో రాజ్యాంగము ఆమోదించబడి నిరంకుశ రాజరికము అంతమైనది.

రెండవ ప్రపంచయుద్ధములో 1940 నుండి 1945 వరకు నగరము జర్మనీ ఆక్రమణలో ఉండెను. 1943 అక్టోబరులో యూదులను నిర్బంధించబోవుచున్నారని తెలిసి, సామాన్య ప్రజలు, వైద్యులు, మత్స్యకారులు కలిసి 7,000 మందికి పైగా యూదులను పడవలలో ఓరెసుండ్ దాటించి స్వీడన్ చేర్చిరి.

నగర నిర్మాణము

1795 అగ్నిప్రమాదము తరువాత కొత్త కట్టడ నియమములు వచ్చినవి. ఇండ్ల వీధి గోడలను చెక్క చట్రములతో గాక ఇటుకలతో కట్టవలెనని, వీధి మూలలలోని ఇండ్ల కొసలను ఏటవాలుగా కోసినట్లు నిర్మించవలెనని నిర్ణయించిరి. పొడవైన నిచ్చెనలతో అగ్నిమాపక బండ్లు మలుపు తిరుగుటకు వీలుగా ఈ ఏర్పాటు జరిగినది. పాత నగరములో నాలుగు మూలలు కోసినట్లుండు కూడళ్ళు నేటికీ కనిపించును. చూపరులకు అలంకారముగా తోచు ఈ రూపము నిజమునకు ప్రాణరక్షణ కొరకు ఏర్పడినది.

19వ శతాబ్ది మధ్యకాలము వరకు సైనిక కారణములచే కోట గోడల వెలుపల ఇండ్లు కట్టుటపై ఆంక్షలు ఉండెడివి. లక్షకు పైగా జనము గోడల లోపల ఇరుకైన ఇండ్లలో, కలుషితమైన నీటితో జీవించిరి. 1853లో కలరా సోకి సుమారు 4,700 మంది మరణించిరి. ఆ వెంటనే వైద్యుల సంఘము కోట వెలుపల పేదల కొరకు గాలి, వెలుతురు గల వరుస ఇండ్లను కట్టించినది. బ్రుమ్లెబీ అను పేరు గల ఆ ఇండ్లు ఇప్పటికీ నివాసయోగ్యముగా ఉన్నవి. నగర ద్వారములు తొలగించబడినవి. 1859లో కొత్త నీటి సరఫరా ప్రారంభమైనది. కోట గోడలు ఉన్నచోట ఉద్యానవనములు వెలసినవి.

1947లో రూపొందించిన "వ్రేళ్ళ ప్రణాళిక" నగరపు విస్తరణను నిర్దేశించినది. ఇందులో పాత నగరము అరచేయి వంటిది. రైలు మార్గముల వెంబడి పెరుగు శివార్లు అయిదు వ్రేళ్ళు. వ్రేళ్ళ నడుమ పొలములు, అడవులు, పార్కులు ఖాళీగా వదలవలెను. దీని వలన శివారువాసులకు ఒకవైపు రైల్వే స్టేషను, మరొకవైపు పచ్చిక బయళ్ళు దగ్గరలో ఉండును.

1962 నవంబరులో స్ట్రోయెట్ అను ప్రధాన వాణిజ్య వీధిలో ప్రయోగాత్మకముగా కార్లను నిషేధించిరి. దక్షిణ ఐరోపా వలె వీధులలో కాలము గడపుటకు ఇక్కడి వాతావరణము అనుకూలించదని, వ్యాపారము దెబ్బతినునని విమర్శలు వచ్చినవి. కాని ప్రయోగము విజయవంతమై శాశ్వతమైనది. సుమారు 1.1 కిలోమీటర్ల ఈ వీధిని ఆధారముగా చేసికొని వాస్తుశిల్పి యాన్ గేల్, జనులు ఎక్కడ నిలబడుదురు, ఎక్కడ కూర్చుందురు, ఎంతసేపు ఆగుదురు అను విషయములను లెక్కించి అధ్యయనము చేసెను. 1971లో వెలువడిన ఆయన పుస్తకము అనేక దేశములలో నగర ప్రణాళికను ప్రభావితము చేసినది.

సైకిళ్ళు

20వ శతాబ్ది పూర్వార్ధములో కోపెన్‌హాగన్‌లో సైకిళ్ళు విరివిగా ఉండెడివి. 1950ల తరువాత కార్లు పెరిగి సైకిళ్ళు తగ్గిపోయినవి. 1973 చమురు సంక్షోభములో కొంతకాలము ఆదివారములందు కార్లు నడపరాదని ప్రభుత్వము ఆజ్ఞాపించినది. తరువాతి సంవత్సరములలో సురక్షితమైన బాటలు కావలెనని వేలాది సైకిలు ప్రయాణికులు ప్రదర్శనలు జరిపిరి. ఈ ఒత్తిడి వలన బాటల నిర్మాణము మరల ఊపందుకొన్నది.

ఇక్కడి సైకిలు బాట కేవలము రంగు గీత కాదు. అది కార్ల దారి కంటె కొంచెము ఎత్తుగా, కాలిబాట కంటె కొంచెము పల్లముగా, రెండింటికి నడుమ గట్టు అంచుతో ఉండును. మంచు పడినపుడు ముఖ్యమైన బాటలను ముందుగా శుభ్రము చేయుదురు. పిల్లలను, సరుకులను మోయుటకు ముందు పెట్టె గల మూడు చక్రముల సైకిళ్ళు సాధారణముగా కనిపించును. 2014లో "సైకిలు పాము" అను మెలికల వంతెన, 2016లో ఓడరేవును దాటు సైకిలు వంతెన ప్రారంభమైనవి.

డిజైన్

డేనిష్ డిజైన్ అని ప్రపంచమంతటా పేరు పొందిన సంప్రదాయమునకు కోపెన్‌హాగన్ కేంద్రము. 1924లో రాయల్ అకాడమీలో గృహోపకరణముల రూపకల్పనకు ప్రత్యేక శాఖ ఏర్పడగా కోరె క్లింట్ దానికి అధ్యాపకుడయ్యెను. ఆయన మనిషి శరీరపు కొలతలను, ఇంటిలోని పళ్ళెములు, చొక్కాలు మొదలగు వస్తువుల పరిమాణములను కొలిపించి, వాటిని బట్టి బీరువాలు, కుర్చీలు రూపొందించవలెనని బోధించెను. 1927 నుండి 1966 వరకు వడ్రంగుల సంఘము ప్రతి సంవత్సరము ప్రదర్శన జరిపినది. అందులో అనుభవజ్ఞులైన వడ్రంగులు, యువ వాస్తుశిల్పులు జంటగా పనిచేసిరి. కర్మాగారముల పోటీకి తట్టుకొనుటకు వడ్రంగులు కనుగొన్న ఈ ఉపాయము వలన అనేక ప్రసిద్ధ నమూనాలు పుట్టినవి.

వీటిలో కొన్ని:

* పి.హెచ్. దీపము - విద్యుత్ బల్బు కాంతి నేరుగా కంటిలో పడకుండ పొరలు పొరలుగా అమర్చిన కప్పులతో పౌల్ హెన్నింగ్సెన్ 1920లలో రూపొందించెను. యుద్ధకాలములో విమానములకు కనబడకుండ క్రిందికి మాత్రమే వెలుగు నిచ్చు దీపములను టివోలి ఉద్యానము కొరకు కూడా ఈయనే తయారుచేసెను.
* జె39 కుర్చీ - 1947లో బోర్గె మోగెన్సెన్ వినియోగదారుల సహకార సంఘము కొరకు రూపొందించెను. సామాన్య కుటుంబము కొనగలుగుట దీని లక్ష్యము. దీనికి "ప్రజల కుర్చీ" అను పేరు వచ్చినది.
* గుండ్రని కుర్చీ - 1949లో హాన్స్ వెగ్నర్ రూపొందించెను. 1960లో అమెరికా అధ్యక్ష అభ్యర్థులు కెనెడీ, నిక్సన్ పాల్గొన్న టెలివిజన్ చర్చలో ఈ కుర్చీలను వాడిరి.
* గ్రుడ్డు, హంస కుర్చీలు - ఆర్నె యాకబ్‌సెన్ తాను కట్టిన రాయల్ హోటలు కొరకు రూపొందించెను. 1960లో ప్రారంభమైన ఈ హోటలులో తలుపు పిడి నుండి చెంచాల వరకు ఆయనే రూపకల్పన చేసెను. 606వ గదిని అప్పటి రూపములోనే ఉంచిరి.
* రాయల్ కోపెన్‌హాగన్ పింగాణీ - ఈ కర్మాగారము 1775లో స్థాపించబడినది. పాత్రల అడుగున ఉండు మూడు నీలి అలల గీతలు డెన్మార్క్‌లోని మూడు జలసంధులకు గుర్తులు.

ఈ వస్తువులను చూచుటకు డిజైన్ మ్యూజియము ముఖ్యమైనది. ఇది 1757లో ప్రారంభమైన ఫ్రెడరిక్ ఆసుపత్రి భవనములో 1926 నుండి ఉన్నది. కీర్కెగార్డ్ 1855లో మరణించినది ఈ ఆసుపత్రిలోనే. కోరె క్లింట్ తండ్రి రూపొందించగా తండ్రి మరణానంతరము కుమారుడు పూర్తి చేసిన గ్రుంట్విగ్ చర్చి మరొక చూడదగిన కట్టడము. 1940లో పూర్తయిన ఈ చర్చిని లోపల, వెలుపల లక్షలాది పసుపు ఇటుకలతో, పూత లేకుండ కట్టిరి.

సామాన్యుల కొరకు రూపొందించిన ఈ కుర్చీలలో అనేకము నేడు సంపన్నులు సేకరించు ఖరీదైన వస్తువులుగా మారుట విశేషము.

ఆహారము

రై ధాన్యముతో చేయు నల్లని పుల్లటి రొట్టె ఇక్కడి భోజనమునకు ఆధారము. చల్లని వాతావరణమునకు గోధుమ కంటె రై బాగుగా తట్టుకొనును. వెన్న రాసిన రై రొట్టె ముక్కపై చేప, మాంసము, గ్రుడ్డు, బంగాళాదుంప మొదలగునవి పేర్చిన వంటకమును "స్మొరెబ్రోడ్" అందురు. పని చోటికి తీసికొనిపోవు మధ్యాహ్న భోజనముగా స్థిరపడిన ఇది 19వ శతాబ్ది చివర భోజనశాలలలో అలంకారవంతమైన వంటకముగా మారినది. దీనిని చేతితో గాక కత్తి, ఫోర్కులతో తిందురు. మొదట ఊరవేసిన హెర్రింగ్ చేప, తరువాత ఇతర చేపలు, పిమ్మట మాంసము, చివర జున్ను అను క్రమమును పాటింతురు.

పంది మాంసము, వెన్న వాడకము అధికముగా ఉండుటకు ఆర్థిక కారణము ఉన్నది. 1870ల తరువాత అమెరికా, రష్యాల నుండి చౌక ధాన్యము ఐరోపాకు వచ్చిపడగా, డేనిష్ రైతులు ధాన్యము అమ్ముట మాని, సహకార సంఘములుగా ఏర్పడి, పాడి మరియు పందుల పెంపకము చేపట్టిరి. మొదటి ప్రపంచయుద్ధపు దిగ్బంధనములో ఆహారము కొరత ఏర్పడినపుడు వైద్యుడు మిక్కెల్ హిండ్‌హెడె సలహాపై ధాన్యము, దుంపలు పందులకు బదులు మనుషులకు కేటాయించబడినవి.

"డేనిష్ పేస్ట్రీ" అని ఇతర దేశములు పిలుచు పొరల రొట్టెను ఇక్కడ "వియన్నా రొట్టె" అందురు. 19వ శతాబ్ది మధ్యలో రొట్టెల పనివారు సమ్మె చేసినపుడు ఆస్ట్రియా నుండి వచ్చినవారు ఈ పద్ధతిని తెచ్చిరని చెప్పుదురు. 1921 నుండి వీధులలో సాసేజి బండ్లు ఉన్నవి. ఎర్రరంగు తొడుగు గల సాసేజి వీటి ప్రత్యేకత.

2003లో క్లాస్ మేయర్, రెనె రెడ్జెపి కలిసి క్రిస్టియన్స్‌హౌన్‌లోని 18వ శతాబ్దపు గిడ్డంగిలో "నోమా" భోజనశాలను ప్రారంభించిరి. 2004లో ఉత్తర దేశములకు చెందిన 12 మంది వంటవారు, స్థానికముగా, ఋతువును బట్టి దొరుకు పదార్థములనే వాడవలెనని ఒక ప్రకటన చేసిరి. ఆలివ్ నూనె, నిమ్మకాయలకు బదులు సముద్రతీరపు మొక్కలు, అడవి పండ్లు, పుట్టగొడుగులు, చివరకు చీమలు కూడ వంటలలో చేరినవి. నోమా 2010, 2011, 2012, 2014, 2021 సంవత్సరములలో ప్రపంచపు ఉత్తమ భోజనశాలల జాబితాలో మొదటి స్థానము పొందినది. అయితే ఇటువంటి భోజనశాలలు జీతము లేని శిక్షణార్థుల శ్రమపై ఆధారపడుటపై విమర్శలు వచ్చినవి. 2022లో నోమా శిక్షణార్థులకు జీతము ఇచ్చుట మొదలుపెట్టినది. సాధారణ భోజనశాలగా కొనసాగబోమని 2023 జనవరిలో ప్రకటించినది.

సామాన్యులకు ఎక్కువ సంబంధించిన మార్పు నగరపాలక సంస్థ వంటశాలలలో జరిగినది. శిశు సంరక్షణ కేంద్రములు, వృద్ధాశ్రమములు మొదలగు చోట్ల వండు ఆహారములో 90 శాతము సేంద్రియ పదార్థములు ఉండవలెనని లక్ష్యము పెట్టుకొని, 2007లో ప్రత్యేక సంస్థను ఏర్పరచి వంటవారికి శిక్షణ నిచ్చిరి. మాంసము తగ్గించుట, వృధా అరికట్టుట, ముడి పదార్థములతో స్వయముగా వండుట వలన మిగిలిన డబ్బుతో అధిక ధరను సర్దుకొనుట ఈ పద్ధతిలోని కీలకము.

సంస్కృతి

1843లో ప్రారంభమైన టివోలి ప్రపంచములోని ప్రాచీన వినోద ఉద్యానములలో ఒకటి. ఇందులో 1914 నాటి చెక్క రోలర్ కోస్టరు ఇంకను నడచుచున్నది. 1748లో స్థాపించిన రాయల్ థియేటరులో ఆగస్ట్ బూర్నన్‌విల్ రూపొందించిన బాలే నృత్య సంప్రదాయము కొనసాగుచున్నది. 1848లో తెరచిన థోర్వాల్డ్‌సెన్ మ్యూజియము ప్రాంగణములోనే ఆ శిల్పి సమాధి ఉన్నది.

కార్ల్స్‌బర్గ్ బీరు తయారీదారులైన యాకబ్‌సెన్ కుటుంబము శాస్త్రములకు, కళలకు విశేషముగా ధనము వెచ్చించినది. ఈ సంస్థ ప్రయోగశాలలో 1883లో శుద్ధమైన ఈస్టును వేరుచేయు పద్ధతి, 1909లో ఆమ్ల, క్షారములను కొలుచు పి.హెచ్. మానము వెలువడినవి. ఈ కుటుంబమునకు చెందిన కార్ల్ యాకబ్‌సెన్ కానుకగా ఇచ్చిన "చిన్ని మత్స్యకన్య" విగ్రహము 1913 నుండి రేవు ఒడ్డున ఉన్నది. ఆండర్సన్ కథ ఆధారముగా ఎడ్వర్డ్ ఎరిక్సెన్ చెక్కిన ఈ విగ్రహపు తలను 1964లోను, 1998లోను దుండగులు నరికివేసిరి.

1971లో కొందరు యువకులు ఖాళీగా ఉన్న సైనిక స్థావరమును ఆక్రమించి "క్రిస్టియానియా" అను స్వేచ్ఛా పట్టణమును ప్రకటించిరి. ఇక్కడి నివాసులు సొంతముగా ఇండ్లు కట్టుకొని ఉమ్మడి నిర్ణయములతో జీవించిరి. మాదకద్రవ్యముల అమ్మకము, దానితో వచ్చిన హింస వలన విసిగిన నివాసులే 2024 ఏప్రిల్‌లో ఆ వ్యాపారము సాగు వీధిలోని రాళ్ళను పెకలించిరి.

భారతదేశముతో, తెలుగుతో సంబంధము

1616లో కోపెన్‌హాగన్‌లో డేనిష్ ఈస్టిండియా కంపెనీ స్థాపించబడినది. 1620లో ఓవె గెడ్డె నాయకత్వమున వచ్చిన ఓడలు తమిళ తీరమునకు చేరగా, తంజావూరు పాలకుడైన రఘునాథ నాయకుడు తరంగంబాడిలో కోట కట్టుకొనుటకు అనుమతించెను. ఈ రఘునాథుడు తెలుగు సాహిత్యములో వాల్మీకి చరిత్రము, శృంగార సావిత్రి కావ్యముల కర్తగా ప్రసిద్ధుడు. 1845 వరకు తరంగంబాడి డేనిష్ అధీనములో ఉండెను. డేనిష్ రాజు పంపిన మతప్రచార సంఘమునకు చెందిన బెంజమిన్ షుల్జ్ 1728 ప్రాంతమున మద్రాసులో తెలుగు వ్యాకరణమును లాటిన్ భాషలో వ్రాసెను. 1740లలో ఆయన తెలుగు పుస్తకములను జర్మనీలోని హాలెలో అచ్చు వేయించెను. ఇవి తెలుగులో తొలి ముద్రిత గ్రంథములుగా పరిగణించబడుచున్నవి.

18వ శతాబ్ది నగర వైభవములో ఆసియా వర్తకముతో పాటు బానిస వ్యాపారమునకు కూడ భాగమున్నది. డేనిష్ ఓడలు సుమారు లక్ష మంది ఆఫ్రికన్లను అట్లాంటిక్ దాటించినవి. 1792లో చేసిన నిషేధము 1803 నుండి అమలులోనికి వచ్చినది. 2018లో రేవులోని వెస్టిండీస్ గిడ్డంగి ఎదుట, 1878 తిరుగుబాటు నాయకురాలైన మేరీ విగ్రహమును నెలకొల్పిరి.

ఇటీవలి కాలము

1990ల ఆరంభమున నగరము తీవ్ర ఆర్థిక ఇబ్బందులలో ఉండెను. అమాగర్ ద్వీపములోని ఓరెస్టాడ్ భూములను అమ్మి, ఆ ధనముతో డ్రైవర్లు లేని మెట్రో రైలు నిర్మించుటకు 1992లో చట్టము చేసిరి. మెట్రో 2002లో, వలయ మార్గము 2019లో ప్రారంభమైనవి. మురుగునీరు పొంగి రేవులో కలియకుండ భూగర్భ తొట్లు కట్టి నీటిని శుభ్రపరచిన తరువాత, 2002లో ఇస్లాండ్స్ బ్రూగ్గె వద్ద రేవులోనే ఈత స్థలము తెరచిరి.

2011 జూలై 2న సుమారు రెండు, మూడు గంటలలో 150 మిల్లీమీటర్ల వరకు వర్షము కురిసి నగరము జలమయమైనది. 500 కోట్ల క్రోనర్లకు పైగా నష్టము వాటిల్లినది. మరుసటి సంవత్సరము నగరము కుంభవృష్టి ప్రణాళికను ఆమోదించినది. పైపులను మాత్రమే పెంచక, పార్కులను, కూడళ్ళను వాన నీరు నిలుచునట్లు పల్లముగా మలచుట దీని పద్ధతి. ఎంగ్‌హావె పార్కు మామూలు రోజులలో ఆటస్థలము, భారీ వర్షములలో 20,000 ఘనపు మీటర్లకు పైగా నీరు పట్టు చెరువు.

చెత్తను కాల్చి విద్యుత్తు, వేడిమి ఉత్పత్తి చేయు అమాగర్ కర్మాగారము పైకప్పుపై 2019లో స్కీయింగ్ వాలు ప్రారంభమైనది. 2025 నాటికి కర్బన తటస్థ నగరము కావలెనను లక్ష్యమును చేరలేమని నగర పాలకులు 2022లో అంగీకరించిరి. ఇండ్ల ధరలు, అద్దెలు పెరిగి విద్యార్థులు, సామాన్య ఉద్యోగులు నగర మధ్యమున నివసించుట కష్టమైనది. వలస వచ్చినవారు అధికముగా ఉన్న కొన్ని ప్రభుత్వ సహాయ గృహ సముదాయములను కూల్చుటకు, అమ్ముటకు వీలు కల్పించిన 2018 నాటి చట్టములపై తీవ్ర వివాదము జరిగినది. ఇదే కాలములో నొరెబ్రో పేటలో 2012లో తెరచిన సూపర్‌కీలెన్ ఉద్యానమున, స్థానికుల మూలదేశముల నుండి తెచ్చిన బల్లలు, దీపములు, ఫౌంటెన్లు అమర్చబడి ఉన్నవి.

యునెస్కో 2023 సంవత్సరమునకు కోపెన్‌హాగన్‌ను ప్రపంచ వాస్తుశిల్ప రాజధానిగా ప్రకటించినది. 2024 ఏప్రిల్ 16న, నాల్గవ క్రిస్టియన్ కట్టించిన బోర్సెన్ భవనము మరమ్మతులు జరుగుచుండగా కాలిపోయినది. నాలుగు డ్రాగన్ల తోకలు పెనవేసుకొన్నట్లుండు దాని 56 మీటర్ల శిఖరము కూలినది. దారిన పోవువారు, ఉద్యోగులు, అగ్నిమాపక సిబ్బంది కలిసి లోపలి పాత చిత్రపటములను మోసి బయటికి తెచ్చిరి. భవనమును పూర్వపు రూపములోనే తిరిగి కట్టుటకు నిర్ణయించి, అదే సంవత్సరము పునర్నిర్మాణ పనులు ప్రారంభించిరి.